లెన్సు ముందు గాజు బిళ్ల: ఉంచాలా, తీసేయాలా?

ఏటా రెండు సీజన్లలో నాకు ఒకే ప్రశ్న వస్తుంది. ఒకటి థాంక్స్‌గివింగ్ సేల్ అప్పుడు, రెండోది వేసవి సెలవుల్లో ఇండియా ప్రయాణాలకు ముందు. "అన్నా, కెమెరా కొన్నాం. లెన్సు మీద ప్రొటెక్షన్ ఫిల్టర్ కూడా తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?" డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కార్యక్రమాలకు చాలా ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నాను కాబట్టి, ఈ ప్రశ్నకు ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ ముక్కలు ముక్కలుగా జవాబు చెబుతూ వస్తున్నాను. ఈసారి మొత్తం ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందనిపించింది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఫిల్టర్ గొడుగు లాంటిది. వానలో వేసుకోవాలి, ఇంట్లోకి రాగానే మూసేయాలి. మనవాళ్లలో ఎక్కువమంది కొన్నరోజే బిగించి, మళ్లీ దాని జోలికి పోరు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఫిల్టర్ కాపాడేది లెన్సు గాజుని. మనకు కావలసింది ఫొటో. ఈ రెండింటికీ ఒక్కోసారి పొత్తు కుదరదు. లెన్సు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. అమ్మాయి అరంగేట్రం మళ్లీ జరగదు. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మ, మనవడి మొదటి పుట్టినరోజున దీపం వెలిగిస్తున్న ఫొటో మళ్లీ దొరకదు.

యూవీ అనే పేరు ఎక్కడిది?

షాపుల్లో ఈ ఫిల్టర్లను ఎక్కువగా యూవీ అనే పేరుతో అమ్ముతారు. యూవీ అంటే అతినీలలోహిత కిరణాలు. మన కంటికి కనబడవు గానీ, పాతకాలం ఫిల్ముకి కనబడేవి. కొండల మీద, సముద్రం ఒడ్డున దూరపు దృశ్యాలు తీస్తే ఈ కిరణాల వల్ల ఫొటో కాస్త నీలంగా, మసకగా వచ్చేది. ఆ మసక తగ్గించడానికి యూవీ ఫిల్టర్ వాడేవారు. అప్పట్లో దానికి అర్థం ఉంది.

డిజిటల్ కెమెరాలో ఆ పని చేసే పొర సెన్సర్ ముందే ఫ్యాక్టరీలో అమర్చి ఉంటుంది. లెన్సులోని గాజు కూడా ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. కాబట్టి ఈరోజు మీ కెమెరా మీద యూవీ ఫిల్టర్ పెట్టినంత మాత్రాన రంగులు బాగుపడవు, ఆకాశం నీలం పెరగదు. అది లెన్సు ముందు నిలబడిన ఒక గాజు బిళ్ల, అంతే. అందుకే కొన్ని కంపెనీలు యూవీ అనే పేరు లేకుండా క్లియర్ అనో, ప్రొటెక్టర్ అనో అమ్ముతున్నాయి. మన అవసరానికి రెండూ ఒకటే.

పోలరైజర్, ఎన్‌డీ అనే ఫిల్టర్లు వేరే రకం. నీటి మీద, ఆకుల మీద మెరుపు తగ్గించడానికి పోలరైజర్ వాడతారు. జలపాతం పాలధారలా రావాలంటే వెలుతురు తగ్గించే ఎన్‌డీ వాడతారు. అవి ఫొటోలో మార్పు కోసం పెట్టేవి. రక్షణ కోసమని వాటిని ఎప్పుడూ లెన్సు మీద ఉంచేస్తే ఇంట్లో తీసే ఫొటోలకు వెలుతురు చాలదు.

ఒక గాజు పెరిగితే ఏమవుతుంది?

పూత లేని మామూలు గాజు మీద వెలుతురు పడితే, ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. బిళ్లకి ముందొకటి, వెనకొకటి, రెండు ఉపరితలాలు. అంటే మొత్తం మీద 8 శాతం దాకా వెలుతురు దారి తప్పుతుంది. మంచి మల్టీకోటింగ్ ఉన్న ఫిల్టర్లలో ఈ నష్టం ఒక్కో ఉపరితలానికి ఒక శాతం లోపే ఉంటుంది. ఖరీదైన ఫిల్టర్‌కీ చవక ఫిల్టర్‌కీ ఉన్న అసలు తేడా ఇదే.

వెలుతురు తగ్గడం పెద్ద సమస్య కాదు. కెమెరా సర్దుకుంటుంది. ఆ తిరిగిపోయిన వెలుతురు ఎటు పోతుందన్నదే సమస్య. సెన్సర్ మీద పడిన వెలుతురులో కొంత వెనక్కి మళ్లి, లెన్సులోంచి బయటికి వస్తూ, ఎదురుగా చదునుగా ఉన్న ఫిల్టర్‌కి తగిలి మళ్లీ లోపలికి వస్తుంది. ఫొటోలో ప్రమిద ఎడమవైపు కింద ఉంటే, కుడివైపు పైన తలకిందులుగా దాని మసక ప్రతిబింబం పడుతుంది. దీన్నే ఘోస్ట్ అంటారు. మధ్యాహ్నం పార్కులో తీసిన ఫొటోలో ఇది కనబడదు. చీకట్లో వెలుగుతున్న దీపం, స్టేజి లైటు, కాకరపువ్వొత్తి, క్రిస్మస్ లైట్లు ఉన్న ఫొటోలో తప్పకుండా కనబడుతుంది. మన ఇళ్లలో ముఖ్యమైన ఫొటోలన్నీ ఇలాంటివే కదా!

అరంగేట్రం సంగతే తీసుకోండి. హాలు చీకటి, స్టేజి మీద పైనుంచి పది లైట్లు, పక్కన నటరాజ విగ్రహం ముందు దీపం. చవక ఫిల్టర్ ఉంటే ఆ లైట్ల చుక్కలు పచ్చగా, తెల్లగా ఎదురు మూలకు ఎగిరి వచ్చి కూర్చుంటాయి. అవి పాప మొహం మీద పడితే తర్వాత కంప్యూటర్లో తుడవడం కష్టం. నల్లగా ఉండాల్సిన తెర బూడిద రంగులోకి తిరుగుతుంది.

జూమ్ లెన్సుల విషయంలో మరో చిక్కు ఉంది. ఫిల్టర్ గాజు పూర్తిగా చదునుగా లేకపోతే, దూరం నుంచి తీసే 200, 300 ఎం.ఎం. లెన్సుల్లో ఫొటో పదును తగ్గుతుంది. హాలు వెనక వరసలోంచి తీస్తూ "కెమెరా ఫోకస్ సరిగా లేదు" అనుకునేవాళ్లు, ఒకసారి ఫిల్టర్ తీసి అదే ఫొటో తీసి చూడండి.

లెన్సులు అద్దెకిచ్చే అమెరికన్ సంస్థ లెన్స్‌రెంటల్స్ స్థాపకుడు రోజర్ సికాలా 2011లో సరదాగా ఒక పని చేశారు. సుమారు 50 ఫిల్టర్లను ఒకదాని మీద ఒకటి బిగించి, వాటిలోంచి ఫొటో తీశారు. ఫొటో ఎలా వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. మనం యాభై పెట్టం, నిజమే. కానీ యూవీ మీద పోలరైజర్, దాని మీద ఇంకొకటి బిగించేవాళ్లు నాకు తరచూ కనబడతారు. ఒకటి పెట్టాలంటే రెండోది తీసేయండి.

ఇంట్లోనే పరీక్ష చేసుకోండి

నా మాట నమ్మాల్సిన పని లేదు. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, ఒక ప్రమిదో కొవ్వొత్తో వెలిగించండి. కెమెరాను బల్ల మీద కదలకుండా పెట్టి, దీపం ఫ్రేములో ఒక మూలకు వచ్చేలా చూసి, ఫిల్టర్‌తో ఒక ఫొటో, ఫిల్టర్ తీసి ఒక ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి ఎదురు మూల చూడండి. లెన్సు సొంత ప్రతిబింబాలు కొన్ని రెండింటిలోనూ ఉండొచ్చు. మొదటిదాంట్లో మాత్రమే ఉన్నది మీ ఫిల్టర్ వల్ల వచ్చింది. తేడా కనబడకపోతే మీ ఫిల్టర్ మంచిదే, నిశ్చింతగా వాడుకోండి.

కింద పడితే కాపాడుతుందా?

"కెమెరా కింద పడింది, ఫిల్టర్ పగిలింది, లెన్సు బతికింది. ఫిల్టర్ లేకపోతే లెన్సు పోయేది" అని చాలామంది చెబుతారు. ఫిల్టర్ పగిలిందన్నంత వరకు నిజం. లెన్సు పోయేదన్నది మాత్రం ఊహే. ఫిల్టర్ గాజు మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. లెన్సు ముందు గాజు దానికంటే చాలా మందం, గట్టి. పల్చటి బిళ్ల పగిలే దెబ్బకి మందపు గాజు పగలాలని లేదు. పైగా పగిలిన ముక్కలే లెన్సు మీద గీతలు పెట్టే అవకాశం ఉంది.

కెమెరా కింద పడినప్పుడు ఎక్కువగా దెబ్బ తినేవి లెన్సుని బాడీకి కలిపే మౌంటు, జూమ్ తిరిగే భాగాలు, లోపలి గాజుల వరస. వీటిని ఫిల్టర్ కాపాడలేదు. ఒక్క విషయంలో పనికొస్తుంది: అంచు నేలకు తగిలినప్పుడు సొట్ట లెన్సు మరలకు బదులు ఫిల్టర్ రింగుకి పడుతుంది. అయితే ఆ సొట్ట పడిన రింగు ఊడి రాక ఇంకో తలనొప్పి.

దెబ్బల నుంచి కాపాడాలంటే హుడ్ వాడండి. లెన్సు ముందు పువ్వు రేకుల్లాగానో, గిన్నెలాగానో ఉండే ప్లాస్టిక్ తొడుగు అది. గోడకి తగిలినా, కుర్చీకి తగిలినా ముందు దెబ్బ హుడ్ తింటుంది. పిల్లల వేళ్లు గాజు దాకా పోవు. పక్కనుంచి వచ్చే వెలుతురుని అడ్డుకుని ఫొటోని బాగుచేస్తుంది కూడా. వెలుతురు దారిలో అదనంగా గాజు పెట్టకుండా రక్షణ ఇచ్చేది ఇదొక్కటే. మనవాళ్లు దీన్ని తిరగేసి లెన్సుకే తొడిగి వదిలేస్తారు. ఫొటో తీసేటప్పుడు సరైన దిక్కుకు తిప్పి పెట్టండి.

ముందు గాజు మీద సన్నటి గీత పడితే లెన్సు పనికిరాకుండా పోతుందన్న భయం కూడా అక్కర్లేదు. లెన్సు అంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయలేదు కాబట్టి చిన్న గీత ఫొటోలో కనబడదు. ఎదురుగా సూర్యుడో లైటో ఉంటే మాత్రం కాస్త మసక రావచ్చు. ఆ లెన్సు తర్వాత అమ్ముకోవాలనుకుంటే గీత వల్ల ధర తగ్గుతుంది. అక్కడ ఫిల్టర్ వైపు ఒక మార్కు వేయాల్సిందే.

ఎప్పుడు పెట్టాలి?

గాజు మీద ఏదైనా వచ్చి పడుతుందని ముందే తెలిసిన చోట ఫిల్టర్ పెట్టండి.

సముద్రం ఒడ్డు మొదటిది. మా టెక్సస్ వాళ్లకు గాల్వెస్టన్ అయినా, విశాఖ వెళ్లినప్పుడు ఆర్.కె. బీచ్ అయినా, గాలిలో ఉప్పు తుంపర లెన్సు మీద పేరుకుంటుంది. ఇసుక కలిసిన ఆ తడిని లెన్సు మీదే తుడిస్తే గీతలు తప్పవు. ఫిల్టర్ ఉంటే దాన్ని ఊడదీసి నీళ్లతో కడిగేసుకోవచ్చు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు షమాల్ గాలులు వీచే రోజులు, ఎడారి సఫారీలు రెండోది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. ఫిల్టర్ ముందు గాజునే కాపాడుతుంది. జూమ్ తిప్పినప్పుడల్లా ముందుకీ వెనక్కీ కదిలే లెన్సు గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతో దుమ్ము కూడా పోతుంది. ఆ రోజుల్లో బయట లెన్సు మార్చవద్దు, కెమెరా చుట్టూ ఒక ప్లాస్టిక్ కవరు చుట్టండి.

హోలీ, వినాయక నిమజ్జనం గులాలు, పెళ్లిలో తలంబ్రాలు, హోమం దగ్గర నెయ్యి పొగ మూడోది. బియ్యపు గింజ లెన్సుని ఏమీ చేయలేదు. దాంతోపాటు ఎగిరే పసుపు, నెయ్యి చేతులతో లెన్సుని తడిమే పిల్లలే అసలు ప్రమాదం. మంటపంలో లైట్లు కూడా ఉంటాయి కాబట్టి ఇక్కడ మంచి ఫిల్టర్ అయితేనే పెట్టండి. తలంబ్రాలు అయిపోగానే తీసేయండి.

కొన్ని లెన్సులకు ఫిల్టర్ వాటి నిర్మాణంలో భాగం లాంటిది. కేనన్ 17-40 ఎఫ్ 4 ఎల్ లాంటి కొన్ని లెన్సులకు, ముందు ఫిల్టర్ బిగిస్తేనే దుమ్ము, తేమ నుంచి రక్షణ పూర్తవుతుందని ఆ కంపెనీయే చెబుతుంది. మరికొన్నిటికి, ఉదాహరణకు నికాన్ 14-24 ఎఫ్ 2.8 జి లెన్సుకి, ముందు గాజు ఉబ్బెత్తుగా ఉండటం వల్ల మామూలు ఫిల్టర్ బిగించే మరలే ఉండవు. మీ లెన్సుతో వచ్చిన చిన్న పుస్తకం ఒకసారి తిరగేయండి.

ఎప్పుడు తీసేయాలి?

ఫ్రేములో వెలుగుతున్న వస్తువు ఏది ఉన్నా తీసేయండి. దీపావళి రాత్రి, సత్యనారాయణ వ్రతంలో హారతి, పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు, స్టేజి కార్యక్రమాలు, సూర్యోదయం, సూర్యాస్తమయం, చందమామ, రాత్రివేళ ఊరి లైట్లు. ఇంట్లో తీసే ఫొటోలకు దుమ్మూ ఉప్పూ రావు కాబట్టి అక్కడ ఫిల్టర్‌తో పని లేదు.

ఏసీ గదిలోంచో కారులోంచో ఉక్కపోతలోకి వచ్చినప్పుడు ఇంకో ఇబ్బంది. చల్లటి గాజు మీద తేమ పడుతుంది. ఫిల్టర్‌కీ లెన్సుకీ మధ్య పడితే బయటనుంచి తుడవడం కుదరదు. ఇండియాలో, గల్ఫ్‌లో, మలేషియాలో ఇది మామూలే. కెమెరాను సంచిలోనే అరగంట ఉంచి తర్వాత బయటికి తీయండి. తేమ ఎక్కువుండే దేశాల్లో లెన్సు లోపల బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి, తేమ ఆరకుండా ఫిల్టర్ బిగించి బీరువాలో పెట్టవద్దు. సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో ఉంచండి.

కొనేముందు లెక్క వేసుకోండి

సైజు ముందు చూడండి. లెన్సు ముందు రింగు మీద సున్నాకి అడ్డగీత గీసినట్టుండే గుర్తు పక్కన 49, 52, 58, 67, 77 లాంటి అంకె ఉంటుంది. మీకు కావలసిన ఫిల్టర్ సైజు మిల్లీమీటర్లలో అదే. 50 ఎం.ఎం. లెన్సు అని 50 సైజు ఫిల్టర్ వెతకవద్దు. ఆ 50 వేరే కొలత.

తర్వాత ధర. కేనన్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్సు 2015లో 125 డాలర్లకు విడుదలైంది. దానికి 40 డాలర్ల ఫిల్టర్ పెడితే లెన్సు ఖరీదులో మూడో వంతు దాని తొడుగుకే పోయినట్టు. మూడు లెన్సులుంటే మూడు సైజులు, మూడు ఫిల్టర్లు. నా లెక్క ఇది: లెన్సు ధరలో పదో వంతు లోపు మంచి ఫిల్టర్ వస్తే కొనండి, లేకపోతే హుడ్‌తో సరిపెట్టుకోండి. కెమెరాతో కలిపి ఉచితంగా ఇచ్చే కిట్లలోని ఫిల్టర్లను బీచ్ కోసం దాచుకోండి, అరంగేట్రానికి తేవద్దు. పేరున్న బ్రాండ్లకు నకిలీలు కూడా ఉంటాయి, కాబట్టి నమ్మకమైన కెమెరా షాపులోనే కొనండి.

ఖరీదైన కెమెరా, లెన్సులు ఉన్నవాళ్లు ఇన్సూరెన్స్ సంగతి కనుక్కోవడం మేలు. అమెరికాలో మామూలు రెంటర్స్ పాలసీ దొంగతనం, అగ్నిప్రమాదం లాంటి వాటికి వర్తిస్తుంది గానీ, చేతిలోంచి జారి పడినదానికి సాధారణంగా వర్తించదు. కెమెరాను విడిగా రాయించుకునే పర్సనల్ ఆర్టికల్స్ పాలసీల్లో అలాంటి ప్రమాదం కూడా కలిసే అవకాశం ఉంది. డబ్బు తీసుకుని ఫొటోలు తీసేవాళ్లకు నిబంధనలు వేరు. మీ ఏజెంటుని ఈ రెండు ప్రశ్నలూ అడగండి. గాజు బిళ్ల ఇవ్వలేని రక్షణ ఇది.

ఫోన్లకూ ఇదే న్యాయం

ఇప్పుడు చాలా ఇళ్లలో కెమెరా అంటే ఫోనే. ఫోన్ వెనక కెమెరా మీద అతికించే గాజు బిళ్లలు కూడా ఇలాంటివే. ఐఫోన్ కెమెరా పైన ఉండేది సఫైర్ క్రిస్టల్ తొడుగు అని యాపిల్ చెబుతుంది. సులభంగా గీతలు పడే వస్తువు కాదు. దాని మీద మళ్లీ ఒక చవక గాజు అతికిస్తే, రాత్రి ఫొటోల్లో లైట్ల చుట్టూ మసక, ప్రతిబింబాలు వస్తాయి. మధ్యలో దుమ్ము చేరితే ఇంకా అన్యాయం. కెమెరా కంటే కాస్త ఎత్తుగా అంచు ఉన్న ఫోన్ కేసు చాలు. అది ఫోన్‌కి హుడ్ లాంటిది.

సూర్యుడి దగ్గర మాత్రం జాగ్రత్త

2024 ఏప్రిల్ 8న మా డాలస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. అప్పుడు నన్ను అడిగినవాళ్లలో కొందరు "యూవీ ఫిల్టర్ ఉంది కదా, సరిపోదా?" అన్నారు. సరిపోదు. యూవీ ఫిల్టర్ సూర్యుడి నుంచి కంటినీ కాపాడదు, సెన్సర్‌నీ కాపాడదు. సూర్యుడి ఫొటోకి లెన్సు ముందు బిగించే సోలార్ ఫిల్టరే కావాలి. వెలుతురుని సుమారు లక్షో వంతుకు తగ్గించేది అది. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలు నేరుగా చూడటానికి మాత్రమే. అవి పెట్టుకుని కెమెరా వ్యూఫైండర్‌లోంచి చూస్తే కన్ను పోతుంది. 2027 ఆగస్టు 2 సంపూర్ణ గ్రహణం దారి జెడ్డా, మక్కా మీదుగా వెళుతుంది. సౌదీలో ఉన్న మనవాళ్లు పిల్లలకు ఇది ఇప్పుడే చెప్పి ఉంచండి.

తుడిచే పద్ధతి

ఫిల్టర్ అయినా, లెన్సు అయినా, గీతలు ఎక్కువగా పడేది తుడిచేటప్పుడే. ముందు రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. తర్వాత మెత్తటి బ్రష్. అప్పటికీ మరక పోకపోతే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ మీద రెండు చుక్కల లెన్సు ద్రవం వేసి, మధ్యలోంచి అంచుకు గుండ్రంగా తుడవండి. ద్రవాన్ని నేరుగా గాజు మీద పోయవద్దు. చున్నీ, చీర కొంగు, టీషర్టు వద్దు. ఫిల్టర్ బిగుసుకుపోతే ఒకవైపే గట్టిగా నొక్కి తిప్పవద్దు, రింగు వంగి మరింత బిగుస్తుంది. చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి మెల్లగా తిప్పితే చాలాసార్లు వస్తుంది.

కొత్త కెమెరా కొన్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే: హుడ్ ఎప్పుడూ ఉండాలి. మంచి ఫిల్టర్ ఒకటి సంచిలో ఉండాలి. దుమ్ము, ఉప్పు, రంగులు ఉన్న చోట బిగించండి, దీపం వెలిగించేముందు తీసేయండి. వచ్చే పండక్కి ఇంటి పెద్దలను దీపం దగ్గర కూర్చోబెట్టి ఫొటో తీసేటప్పుడు, "రెడీ" అనే ముందు లెన్సు వైపు ఒక్కసారి చూసుకోండి.